ఆదివాసి కళోత్సవములు - మన కర్తవ్యము

(మదనపల్లె, పుంగనూరు, కుప్పము పఠనమందిరములయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఆగస్టు 9వ తేదీని ప్రపంచ ఆదివాసి దినముగా పాటింపవలెనని ఐక్యరాజ్యసమితి 1994లో నిర్ణయించినది. నాటినుండి ఆ దినమున పట్టణములలో ఉత్సవములు జరుగుచున్నవి. వేదికమీద డోలు, నృత్యము, అద్దములు కుట్టిన పావడల తళుకు. క్రింద కుర్చీలలో కరతాళధ్వనులు. మరునాడు పందిరి విప్పుదురు. ఆడినవారు తమ తండాలకు, చూచినవారు తమ కచేరీలకు పోవుదురు. ఇట్టి ఉత్సవము మన మూడు పట్టణములందును జరుపవలెనను కోరిక పలువురకు కలదు. కోరిక మంచిదే. కాని పందిటి రాట నాటుటకు ముందు ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను: ఆ ఉత్సవమున ఇంటివారెవరు? చుట్టములెవరు?

కళ ఎవరిదో ఉత్సవము వారిది. పట్టణవాసులమైన మనము అచ్చట అతిథులము. ఈ మర్యాద తప్పిన ఉత్సవము సంతలోని గారడియే యగును. మేము చెప్పవచ్చినది ఇంతమాత్రమే.

ఈ మర్యాద మన దేశమునకు క్రొత్తది కాదు. అహోబిలమున ఏటేట సంక్రాంతి దినములలో పార్వేట ఉత్సవము మొదలగును. నృసింహస్వామి పల్లకి నెక్కి నలువది దినములకు పైగా చుట్టుపట్ల పల్లెలు తిరుగును. చెంచులక్ష్మి చెంచుల ఆడుబిడ్డ గదా! కావున తన కల్యాణమునకు అత్తవారిని తానే పిలువబోవుచున్నాడని భక్తుల విశ్వాసము. చెంచులు వచ్చి ఆలయద్వారమున చేతులు కట్టుకొని నిలువలేదు. దేవుడే వారి గడపకు నడచినాడు.

ఆదిలాబాదు సీమలోని కేస్లాపూరు నాగోబా జాతరను చూడుడు. పుష్యమాసపు అమావాస్యకు మెస్రం వంశపు గోండులు కాలినడకను గోదావరికి పోయి, జలము తెచ్చి, తమ నాగదేవతను అర్చింతురు. ఆ వంశమున క్రొత్తగా మెట్టిన కోడండ్రను ఆ సన్నిధినే పెద్దలకు పరిచయము చేయుదురు. ఈ కార్యములలో బయటివానికి చేయివేయు హక్కు లేదు. ఐనను ప్రభుత్వము అచ్చటికి పోవుచున్నది. ఏల? 1940లో భూమికై అడవికై పోరాడిన కొమరం భీము జోడేఘాటు కడ నిజాము సిపాయిల తుపాకులకు బలియయ్యెను. అంతట సర్కారునకు కన్ను తెరపిడి పడి, గోండుల కష్టమెట్టిదో తెలిసికొనుటకు హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని నియోగించినది. ఆ దశాబ్దముననే నాగోబా జాతరలో దర్బారు వెలసినది. అధికారులు గోండుల పండుగకు తాము పోయి, గోండులు కూర్చుండినచోటనే కూర్చుండి, వారి మొరలు వినవలెను. ఆ ఆచారము నేటికిని నిలిచియున్నది. పండుగయు న్యాయమును ఒకే పందిటి క్రింద చేరినవి. అదియే మనకు మేలుబంతి.

మన సీమకు రండు. ఇచ్చట గోండులు లేరు, కోయలు లేరు. ఉన్నవారు సుగాలీలు, ఎరుకలవారు, యానాదులు. 2011 జనాభా లెక్కలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సుగాలీలు 20 లక్షలకు పైబడియు, యానాదులును ఎరుకలవారును చెరి 5 లక్షలకు పైబడియు ఉండిరి. ఇందరు మన ఇరుగుపొరుగున ఉండగా వారి పేరులు సైతము మనకు సరిగా తెలియవు. మదనపల్లె కడనున్న చల్లని కొండ పేరేమని బాలుర నడుగుడు. హార్సిలీ కొండ యందురు. 1870లో అచ్చట బంగళా కట్టుకొనిన దొర పేరది. పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు ఆహారము తెచ్చి పోషింపగా, కొండజనులకు మందిచ్చి బ్రతికించిన మల్లమ్మ అను పుణ్యవతి కథ ఆ పేరున దాగియున్నది. దొర పేరు నిలిచినది, మల్లమ్మ పేరు అణగినది.

సుగాలీలు ఎవరు? ఎడ్లమీద ఉప్పును ధాన్యమును దేశదేశములకు మోసిన వర్తకులు. లంబాడి శబ్దము లవణశబ్దమునుండి పుట్టినదని పండితులు కొందరందురు. తండా యనగా తొలుత ఊరు కాదు, నడచుచున్న బిడారు. ఎరుకలవారిలోను ఉప్పుకొరచలను శాఖ కలదు. వారును సముద్రతీరపు ఉప్పును మెట్టసీమలకు చేర్చి ధాన్యము మార్చుకొనెడివారు. కంపెనీవారును పిదప దొరతనమువారును ఉప్పును తమ గుత్తకు తీసికొనిరి. తరువాత ఇనుపదారి వచ్చినది. 1864లో బెంగుళూరు చేరిన రైలు మన కుప్పము మీదుగనే పోయినది. ఎద్దు మోయు బరువును ఇంజను మోసినది. బిడారులు ఆగిపోయినవి.

బ్రతుకుతెరువు పోయి త్రోవలవెంట తిరుగువానిని చట్టము ఏమన్నది? దొంగ యన్నది! 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరజాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికి వ్యాపించినది. ఎరుకలవారు, సుగాలీలు, యానాదులలో కొందరు ఆ పట్టీలకెక్కిరి. నేరము చేసినవాడు గాక, ఆ కులమున పుట్టినవాడే నేరస్థుడు! రాత్రి ఠాణాలో హాజరు పలుకవలెను; అనుమతిచీటి లేక పొలిమేర దాటరాదు. బాపట్ల చెంత స్టూవర్టుపురము ఈ చట్టపు కాలమున వెలసిన నిర్బంధ నివాసమే. శ్రీనివాసుడు ఎరుకసాని వేషమున ఆకాశరాజు నగరికి పోయి సోది చెప్పినాడని మన తిరుపతి కథ. ఎరుకసాని రూపు దేవునికి పనికివచ్చినది. ఎరుకసాని బిడ్డ చట్టమునకు దొంగయైనాడు.

1930లో ఉప్పు వండి చెరసాలకు పోయిన సత్యాగ్రహులను మనము తలచి మ్రొక్కుదుము. మ్రొక్కవలసినదే. కాని ఆ ఉప్పుపన్ను మూలముననే తాతతండ్రుల వృత్తి పోగొట్టుకొన్నవారు మన ఊరి వెలుపలనే ఉన్నారని ఎందరము తలచితిమి? తలచినవారు లేకపోలేదు. నెల్లూరుసీమ న్యాయవాది, జాతీయోద్యమ సేవకులు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదులను సంఘముగా కూర్చి, ఈ చట్టము తొలగుటకు పాటుపడిరి. మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31న అది రద్దయ్యెను. చట్టము పోయినను మచ్చ పోలేదు. 2024 అక్టోబరు 3వ తేదీని సుప్రీముకోర్టు, కారాగార నిబంధనలలో ఈ జాతులవారిని పుట్టుకతో నేరస్థులుగా ఎంచు వ్రాతలు చెల్లవని తీర్పు చెప్పవలసివచ్చిన దనిన, మచ్చ ఎంతలోతు దిగినదో యోచింపుడు.

ఈ చరిత్ర తెలియక వారి ఆటపాటలకు చప్పట్లు కొట్టుట వారి గౌరవమునకు చాలదు. కావున మన ఉత్సవమునకు మేము కొన్ని నియమములు సూచించుచున్నాము.

మొదటిది: ఏది చూపవలెనో, ఏది చూపరాదో వారే నిర్ణయింపవలెను. సుగాలీ కన్యలు శ్రావణమాసమున బుట్టలలో గోధుమమొలకలు పెంచి తొమ్మిది దినములు పాటలతో నీరుపోయు తీజు పండుగ వ్రతమే గాని వినోదము కాదు. దానిని మన సౌకర్యమునకై ఒక సాయంకాలపు పది నిమిషములకు కుదింపరాదు. తండావారు పిలిచిన మనమే తండాకు పోవుదము. గుత్తి చెంత సేవాలాలు మహారాజు పుట్టిన చోటున ఫిబ్రవరి 15న జరుగు జయంతికి బంజారాలు తామే కూడుదురు. అట్టి వేడుకలకు పోయి ఒదిగి కూర్చుండుట మనము నేర్వవలెను.

రెండవది: కళాకారునికి దారిబత్తెమును సంభావనయును అచ్చటికచ్చటనే ముట్టవలెను. శాలువ కప్పిన చలి తీరునేమో, ఆకలి తీరదు. సుగాలీ స్త్రీ నెలలకొలది కుట్టిన రవికెను గీచి గీచి బేరమాడువాడు ఉత్సవమునకు రాకున్నను లోటులేదు.

మూడవది: పాటను భద్రపరుపవలెను. గోండుల గుస్సాడి నృత్యమునకు గురువైన కనకరాజు 2021లోను, కోయల డోలికథకుడు సకిని రామచంద్రయ్య 2022లోను పద్మశ్రీ పొందిరి. ఇరువురును 2024లో గతించిరి. నోటి విద్యకు గురువే గ్రంథము. గురువు పోయిన పుటలన్నియు ఒక్కమారే పోవును. సుగాలీల గోరుబోలికిగాని ఎరుకలవారి కుర్రుభాషకుగాని పూర్వమునుండి సొంత లిపి లేదు. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము మన చేరువనే యున్నది. విద్యార్థులు పోయి పాటలు పదిలపరచి, పాడినవారి పేరు వ్రాసి, ఒక ప్రతిని తండా బడికే ఈయవలెను.

నాలుగవది, మాకు ముఖ్యమైనది: నాగోబాయందువలె ఒక దర్బారు. తహశీలుదారును, విద్యాధికారిని, వైద్యాధికారిని ఆ దినమున పిలువవలెను. కులధ్రువపత్రము రానివాడు, ఇంటిపట్టా లేనివాడు, బడిలో బిడ్డను చేర్చుకొనరని వగచు తల్లి, వీరి మాట మొదట వినవలెను. నృత్యము పిదప చూడవలెను. న్యాయవాదులమైన మేము పందిటి మూల ఒక బల్ల వేసికొని రుసుము లేక అర్జీలు వ్రాసియిత్తుము. వ్రాసి ఊరకుండక, మరుసటి ఏటి ఉత్సవమునాటికి ఏ అర్జీ ఏమైనదో సభలో చదివి వినిపింతుము. ఇది మాట.

1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు మన మదనపల్లె కళాశాలకు అతిథిగా వచ్చిరి. జనగణమన గీతమును ఇచ్చటనే ఆంగ్లమునకు మార్చిరి. మార్గరెట్ కజిన్సు అమ్మగారు ఇచ్చటనే దానికి స్వరము వ్రాసిరి. దూరమునుండి వచ్చిన అతిథి పాటను మన ఊరు శ్రద్ధగా విని, పదిలపరచి, దేశమునకు అందించినది. ఆ శ్రద్ధలో పదియవ పాలు పొరుగు తండా పాటకు ఈయలేమా? దేశమును కీర్తించు పాటకు లేచి నిలుచు మనము, ఈ దేశమును తమ పాదములతో కొలిచి ఉప్పందించినవారు ఎదుటికి వచ్చినప్పుడును లేచి నిలువవలెను. ఉత్సవము ఆనాడు ఉత్సవమగును.