ముందు గదిని చూడండి

పట్టాలు అందుకుంటున్న బీఈడీ పిల్లలూ, శాలువాలు చివర్లో కప్పుకుందాం. నేను చెప్పాల్సిన మాట ఒకటుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల్లోనే నా ఉద్యోగం గడిచిపోయింది. ధర్మవరంలో నేతపనివాళ్ల పిల్లవాడొకడు, ఆటిజం ఉన్నవాడు, ఇంట్లో మగ్గం పక్కనే హాయిగా ఆడుకునేవాడు. బడిలో రైలుపట్టా ముక్క మీద గంట కొడితే మాత్రం చెవులు మూసుకుని గేటు దాకా ఒకటే పరుగు. "మగ్గం మోతకు లేని భయం గంటకెందుకప్పా, అంతా నాటకం" అన్నారు స్టాఫ్‌రూములో. మగ్గం లయ తప్పదు, తర్వాతి చప్పుడు ఎప్పుడో వాడికి తెలుసు. గంట చెప్పి రాదు. వాణ్ని వరండా వైపు నుంచి లోపలి గోడ పక్కకు మార్చి, గంట కొట్టబోయే ముందు గంట బొమ్మ కార్డు చూపించాం. పరుగు తగ్గింది. చెవులు మూసుకోవడం మానలేదు. మూసుకోనీ, ఎవరికి నష్టం?

పెనుకొండలో రేకుల గది. వాన పడితే పాఠం లేనట్టే. పైగా గుయ్యిమనే ట్యూబ్‌లైటు. పాత చోకు లైటు మన కరెంటుకు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. మనం పట్టించుకోం, కొందరు పిల్లలకు అది నరకం.

చట్టం మాటకొస్తే, 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఉంది. తోటిపిల్లలతో పాటే, తగిన ఏర్పాట్లు చేసి చదువు చెప్పమంది. ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రం ఉందిలే అని చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇక మీ సంగతి. టీచింగ్ ప్రాక్టీసులో చూశాను లేండి! డస్టరుతో బల్ల మీద ఠపీమని కొట్టి, ఆపైన "సైలెన్స్" అని అరుపు. గదిలో అందరికన్నా ఎక్కువ గోల మీదే కదమ్మా! గోడ నిండా చార్టులు, అవీ మార్కుల కోసం అంటించినవి. బోర్డు చుట్టూ ఖాళీగా ఉంచండి. ఏ పీరియడ్ తర్వాత ఏదో బొమ్మలతో ఒక వరుస పెట్టండి. అన్నిటికీ గదే కారణమని నేననను. పంటినొప్పికీ పిల్లలు తల బాదుకుంటారు. ఒక పిల్లవాడు మొండివాడని తీర్మానించే ముందు ఇవన్నీ చూడమంటున్నాను, అంతే.

జూన్‌లో బడి తెరిచిన రోజు, పిల్లలు రాకముందే వెళ్లి ఆఖరి బెంచీలో కాసేపు ఊరికే కూర్చోండి. ఫ్యాను కిర్రుమంటోందా, వంటగది పోపు ఘాటు వస్తోందా, చూసి రాసుకోండి. "ఏమప్పా, పొద్దున్నే కునుకా?" అని హెడ్‌మాస్టరు అడిగితే నా పేరు చెప్పండి. ఈ చుట్టుపక్కల అయితే ఆయనా నా దగ్గర తిట్లు తిన్నవాడే అయ్యుంటాడు.