సాతానుకు కొమ్ములు ఎవరు పెట్టారు?

సాతాను అనగానే కొమ్ములు, తోక, మేక కాళ్లు కళ్లముందు మెదులుతాయి. కానీ బైబిలంతా వెతికినా మేక కాళ్ల మనిషి రూపం దొరకదు.

మరి దొరికేదేమిటి? యోబు గ్రంథంలో సాతాను దేవుని సన్నిధికి వచ్చి, యోబు భక్తిని శంకిస్తాడు. అయినా దేవుని అనుమతి లేనిదే అతనిపై చెయ్యి వేయలేడు. సువార్తల్లో ఉపవాసంతో ఆకలిగొన్న యేసు దగ్గరకు వస్తాడు. రాళ్లను రొట్టెలు చేసుకోమంటాడు. ప్రకటన గ్రంథంలో ఎర్రని ఘటసర్పమవుతాడు.

ఇక మనకు తెలిసిన ఆ రూపం చాలావరకు చిత్రకారుల చలవే.

ఇటలీలోని రవెన్నాలో, 6వ శతాబ్దపు చర్చి గోడపై ఒక మొజాయిక్ చిత్రం ఉంది. క్రీస్తు గొర్రెలనూ మేకలనూ వేరు చేస్తుంటాడు. మేకల వైపు నీలిరంగు దేవదూత నిలబడి ఉంటాడు. అతడే సాతాను అని కొందరు పండితులంటారు. అతడికి కొమ్ముల్లేవు. తోకా లేదు.

మేక కాళ్లు తర్వాత వచ్చాయి. అవి గ్రీకుల పాన్ దేవుడివని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇటలీ కవి డాంటే సాతానును మూడు ముఖాలతో మంచులో బిగించాడు. 1667లో ఇంగ్లండు కవి మిల్టన్ అతణ్ణి ఓటమి ఒప్పుకోని తిరుగుబాటుదారుగా చూపాడు.

రూపాలు మారాయి. మూల విశ్వాసం మారలేదు. సాతాను దేవునికి సాటి కాడు. 1215లో కథోలిక చర్చి లాటరన్ మహాసభ ఇదే చెప్పింది. దేవుడు అతణ్ణి మంచివాడిగానే సృష్టించాడు, అతడే చెడ్డవాడయ్యాడు అని. నేటికీ కథోలిక బాప్తిస్మంలో గురువు అడుగుతారు, సాతానును విడిచిపెడుతున్నారా అని. జవాబు మాత్రం మనిషే చెప్పాలి.