శాసనము, మాతృభాష, మన పాఠశాల
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



"కన్నడ రాష్ట్రంలో తెలుగు బడి ఎన్నాళ్ళు నిలుస్తుందమ్మా? రేపు ప్రభుత్వం వారు వద్దంటే ఏమి చేస్తారు?" అని తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానం తెలియాలంటే మన దేశంలో శాసనం ఎవరి చేతిలో రూపొందుతుందో తెలియాలి. అది ఒక్కరి చేతిలో లేదన్నదే నేను మనవి చేయదలచిన విషయం.

ఒకప్పుడు ఈ నేల మైసూరు మహారాజుల పాలనలో ఉండేది. 1881లో ప్రజాప్రతినిధి సభ, 1907లో శాసన మండలి ఏర్పడినా తుది నిర్ణయం ప్రభువుదే. ఆ ప్రభువుపైన బ్రిటిషు చక్రవర్తి. 1949 నవంబరు 25న జయచామరాజ ఒడెయరు గారు ప్రకటన వెలువరించి భారత రాజ్యాంగాన్ని మైసూరుకు అంగీకరించారు. 1950 జనవరి 26 నుండి ఆ రాజ్యాంగం అమలులోనికి వచ్చినది. నాటి నుండి కిరీటం స్థానంలో రాష్ట్రపతి ఉన్నారు. పార్లమెంటు అనగా రెండు సభలే కావు, రాష్ట్రపతి కూడా అందులో భాగమే. అట్లే రాష్ట్రంలో గవర్నరు. వారి ఆమోదముద్ర లేనిదే బిల్లు చట్టం కాజాలదు. అయితే అది రాజరికపు ఇష్టానుసారం కాదు. సాధారణంగా మంత్రిమండలి సలహాపై నడిచే అధికారం. కొన్ని బిల్లులను గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చును.

ఇక కేంద్రం, రాష్ట్రం మధ్య పంపకం సంగతి. దీనికి ఉదాహరణ మన కాళ్ళ క్రిందనే ఉన్నది. 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం బంగారు గనులను జాతీయం చేసినది. 1957లో పార్లమెంటు గనులు, ఖనిజాల చట్టం చేసినది. 1962లో మన గనులు కేంద్రం చేతికి వెళ్ళినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడి, 2001 ఫిబ్రవరి 28న మూతబడినది. ఖనిజాల నియంత్రణ రాష్ట్ర జాబితాలో ఉన్నప్పటికీ, పార్లమెంటు తన అదుపులోకి తీసుకున్న మేరకు రాష్ట్రాధికారం తగ్గుతుంది. ఆ మూత వలన ఎన్ని కుటుంబాలు ఊరు విడిచినవో ఈ సభలోని వారికి నేను చెప్పనక్కరలేదు.

విద్య మొదట రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలో చేరినది. ఇద్దరూ చట్టం చేయవచ్చు. పొసగనప్పుడు పార్లమెంటు మాట నెగ్గుతుంది. రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభిస్తే ఆ రాష్ట్రంలో అదే చెల్లుతుంది. దానిని కూడ పార్లమెంటు తరువాత మార్చవచ్చు.

భాష విషయంలో ఈ చేతులన్నీ కలిసి పనిచేసిన తీరు గమనించండి. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినపుడు పార్లమెంటు 7వ సవరణ ద్వారా 350ఏ అధికరణాన్ని చేర్చినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించుటకు రాష్ట్రాలు ప్రయత్నించాలనీ, అందుకు రాష్ట్రపతి ఆదేశాలివ్వవచ్చుననీ అందులో ఉన్నది. తరువాత గోకాక్ సమితి నివేదిక వచ్చినది. 1982లో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాలల్లో కన్నడమే ఏకైక ప్రథమ భాషగా ఉండాలని ఉత్తర్వు జారీ చేసినది. అది శాసనసభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు. 1989 జనవరిలో కర్ణాటక హైకోర్టు పూర్తి ధర్మాసనం, అది అల్పసంఖ్యాకుల హక్కులకు విరుద్ధమని కొట్టివేసినది.

1994 ఏప్రిల్‌లో మరొక ఉత్తర్వు వచ్చినది. నాలుగవ తరగతి వరకు బోధన మాతృభాషలో గాని కన్నడంలో గాని జరగాలని దాని సారాంశం. తెలుగు బడికి ఇది అనుకూలమే కదా అనిపిస్తుంది. కాని 2014 మే 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, మాతృభాషను కూడ ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదని తీర్పు చెప్పినది. పిల్లవాని మాతృభాష ఏదో నిర్ణయించవలసినది తల్లిదండ్రులేననీ, బోధనా మాధ్యమాన్ని ఎన్నుకొను స్వేచ్ఛ భావప్రకటనా స్వాతంత్ర్యంలో భాగమనీ వివరించినది.

న్యాయస్థానం చట్టాన్ని వ్రాయదు. చట్టానికి గట్టు వేస్తుంది. ఆ గట్టు రెండు వైపులా నిలుస్తుంది. తెలుగు వద్దనుటకు ప్రభుత్వానికి ఎట్లు వీలులేదో, తెలుగులోనే చదవమనుటకు కూడ అట్లే వీలులేదు. కనుక మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: ఈ బడిని ఒక్క ఉత్తర్వుతో మూయుట సులభం కాదు. కాని తల్లిదండ్రులు పిల్లలను పంపనిచో, ఏ ఉత్తర్వూ లేకుండానే ఇది మూతబడుతుంది. రాజ్యాంగం తలుపు తెరచి ఉంచగలదు గాని బల్లలను నింపలేదు.

ఆంగ్లం కోరే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. గనులు మూతబడిన ఊరిలో, ప్రతిదినం బెంగళూరుకు రైలెక్కే తండ్రికి బిడ్డ ఉద్యోగం గూర్చి బెంగ ఉండుట సహజం. కన్నడం నేర్వవద్దని కూడ అనను. 2015 నాటి కన్నడ భాషాభ్యాస చట్టం ప్రకారం దానిని నేర్పుట మన విధి. ఈ నేలపై బ్రతికేవారికి అది మర్యాద కూడాను. నేను కోరేది ఒక్కటే. తెలుగులో పునాది వేసి, కన్నడాన్నీ ఆంగ్లాన్నీ చక్కగా నేర్పగలమని మేము పనితో నిరూపించాలి. మీరు బడికి వచ్చి, తరగతిలో కూర్చొని, పిల్లల వ్రాతపుస్తకాలు చూచి, ఆ తరువాత నిర్ణయించాలి. పూర్వ విద్యార్థులు ఆంగ్ల బోధనకు, గ్రంథాలయానికి చేయూతనివ్వాలి.

పార్లమెంటు, రాష్ట్రపతి, శాసనసభ, న్యాయస్థానం తమ తమ పాత్రలు నిర్వహించినవి. చివరి మాటను మీకు విడిచినవి. రానున్న జూన్‌లో ప్రవేశ పట్టికపై మీరు చేసే సంతకమే ఆ మాట.