బాగుంది అంటే చాలదు: టీ రుచి చూడడం గురించి

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

భోజనాలు అయ్యాక నాకు మైకు ఇచ్చారు. అందరికీ కునుకు పట్టే టైము ఇది. టీ గురించి మాట్లాడమన్నది అందుకేనేమో.

విషయం మీకు తెలిసిందే. మసాలా టీ, అల్లం టీ, నిమ్మగడ్డి టీ ప్యాకెట్లు చేసి అమ్ముదామని ఈ ఏడాది మూడు గ్రామ సంఘాలు తీర్మానం రాసి పంపాయి. పొడి కలిపే మిషనుకి, ప్యాకెట్లు అతికించే మిషనుకి అప్పు కావాలని అడిగాయి. అందులో మా సంఘం కూడా ఉంది. నేను దీనికి అడ్డం చెప్పడానికి రాలేదు. కాకపోతే మిషను ఇంటికి రాకముందే మనకి రుచి చెప్పడం రావాలి. అది లేకుండా అప్పు చేస్తే వాయిదాలు మాత్రం నెలనెలా వస్తాయి, ప్యాకెట్లు ఆఫీసు గదిలో మూల పడి ఉంటాయి. అలా పడి ఉన్న ప్యాకెట్లు నేను ఒక చోట చూశాను. శిక్షణ ఇచ్చినాయన ఎసెన్సు బాటిళ్ళు కూడా ఆయనే అమ్మి వెళ్ళిపోయాడట. ఆ పొడితో కాచిన టీని సంఘంలో ఒక్కరు కూడా ఇంట్లో తాగడం లేదు. తాము తాగనిది ఊరికి ఎలా అమ్ముతారు?

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు టీ ఎలా ఉంటే ఇష్టం? నేను మా సంఘంలో పన్నెండు మందినీ ఇదే అడిగాను. "మా ఆయనకి స్ట్రాంగుగా ఉండాలి" అంది ఒకామె. "మా మామయ్యకి చక్కెర ఎక్కువ పడాలి" అంది ఇంకొకామె. "మా అబ్బాయి పాలు ఎక్కువ పోయమంటాడు" అంది మరొకామె. నీకెలా ఉండాలమ్మా అంటే నవ్వుతారు. ఎందుకంటే మనం తాగేది ఆఖరికి మిగిలింది. అందరికీ పోశాక గిన్నెలో అడుగున ఉన్నదాంట్లో ఇన్ని నీళ్ళు పోసి మళ్ళీ మరిగించి, పని చేసుకుంటూ చల్లారాక తాగుతాం. ఇరవై ఏళ్ళుగా రోజుకి రెండుసార్లు టీ కాచిన మనిషికి తన టీ రుచి ఏమిటో తెలీదు. ఏది ఇచ్చినా "బాగుంది" అంటుంది. సంఘంలో కూడా అంతే కదా, తీర్మానం చదవగానే "సరే" అని సంతకం పెట్టేస్తాం.

అందుకని మేం ముందు ఒక పని చేశాం. టీ కంపెనీల్లో రుచి చూడడానికే జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. వాళ్ళ పద్ధతికి ఒక లెక్క ఉంది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకి 2 గ్రాముల పొడి, 6 నిమిషాలు మూత. చక్కెర లేదు. ఆ లెక్కే మేం పెట్టుకున్నాం. చిన్న చెంచా తలగీసి తీస్తే సుమారు 2 గ్రాములు. అన్నిటికీ ఒకే నీళ్ళు, తెర్లుతుండగా పోసి మూత పెట్టి, ఫోనులో టైము చూసుకుని వడగట్టాలి. గ్లాసులు గాజువి కావాలి. స్టీలు గ్లాసులో రంగు తెలీదు, కాగితం కప్పుకి దాని వాసన దానికి ఉంటుంది.

గ్లాసు ముందు వాసన చూడాలి, తరవాత వెలుతురుకి పెట్టి రంగు చూడాలి, తరవాత చెంచాతో తీసుకుని జుర్రుమని చప్పుడు వచ్చేలా పీల్చాలి. మన ఇళ్ళలో అలా తాగితే పెద్దవాళ్ళు తిడతారు గానీ రుచి చూసేవాళ్ళ పనే అది. గాలితో కలిసి లోపలికి వెళ్తేనే వాసన ముక్కు వెనక్కి ఎక్కుతుంది. నాలిక మీద తిప్పి ఉమ్మేయాలి. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య మంచినీళ్ళతో పుక్కిలించి రెండు మరమరాలు నమలాలి. ఆ రోజు ఆవకాయ తిన్నవాళ్ళని, వక్కపొడి వేసుకున్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టాం. తలలో మల్లెపూలు ఉన్నవాళ్ళు తీసి బయట పెట్టారు. నాలుగు దండలున్న గదిలో ఏ టీ అయినా మల్లెపూల టీయే.

ఏ గ్లాసులో ఏముందో పేర్లు చెప్పలేదు, అడుగున అంకె రాసి అంటించాం. లీడర్లం ముందు నోరు విప్పకూడదని కూడా అనుకున్నాం. మేం ఒకటి అంటే మిగతావాళ్ళు అదే అంటారు. రాయడం రానివాళ్ళు ఉన్నారు కాబట్టి ప్రతి గ్లాసు పక్కన ఒక గిన్నె పెట్టి, మనిషికి ఐదు చింతపిక్కలు ఇచ్చాం. ఎంత నచ్చితే అన్ని పిక్కలు. ఒకే గిన్నెలో ఐదూ వేసినా సరే.

మొదటి వారం అందరూ అన్ని గిన్నెల్లోనూ సమానంగా పంచేశారు. ఎవరికీ బాధ కలగకూడదని! రెండో వారం నుంచి మాటలు వచ్చాయి. మాటలు మన దగ్గర లేక కాదు, కూరకి వాడతాం గానీ టీకి వాడం. వగరు, చేదు, ఘాటు, కమ్మన, చప్పన, పచ్చి వాసన, మాడు వాసన, ముక్కిన వాసన. ఇందులో వగరుకీ చేదుకీ తేడా తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. చేదు నాలిక మీద తెలుస్తుంది. వగరు నోరంతా ఆరిపోయి బుగ్గలు లోపలికి లాగినట్టు ఉంటుంది, పచ్చి అరటికాయ కొరికినట్టు. టీలో కొంచెం వగరు ఉండాల్సిందే, అది లేకపోతే రంగునీళ్ళే. పొడిని ఎక్కువసేపు మరిగిస్తే వగరూ చేదూ రెండూ పెరిగిపోతాయి, వాటిని కప్పడానికి చక్కెర పోస్తాం.

మా సంఘంలో ఒక పెద్దామె ఉంది. వేలిముద్ర. "నాకేం తెలుసు తల్లీ" అని మొదటి వారం గుమ్మం దగ్గరే కూర్చుంది. మూడో వారం మూడో నంబరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "ఇందులో శొంఠి పాతది, పుచ్చు పట్టింది" అంది. డబ్బా తీసి విరిచి చూస్తే లోపల పొట్టు రాలింది. జీవితమంతా బియ్యం, పప్పులు వాసన చూసి కొన్న మనిషి ఆమె. సరుకు కొనే కమిటీలో ఇప్పుడు ఆమె పేరే ముందు రాశాం.

ఇక కాచడం సంగతి. అందరికీ వచ్చిందే అనుకుంటాం గానీ ఏ దినుసు ఎప్పుడు వెయ్యాలన్నదే అసలు పని. అల్లం దంచి ముందు నీళ్ళలో వేసి రెండు మూడు నిమిషాలు బాగా మరగనివ్వాలి. తరవాత టీ పొడి, తరవాత పాలు. పచ్చి అల్లం నేరుగా పాలలో వేస్తే విరిగే ప్రమాదం ఉంది, అల్లంలో పాలని విరగ్గొట్టే గుణం ఉంటుంది, మరిగితే అది పోతుంది. దాల్చినచెక్క, మిరియాలు, లవంగం గట్టివి, అవీ ముందే పడాలి. యాలక్కాయ ఆఖరున. తొక్కతో సహా చితక్కొట్టి వేసి మూత పెట్టి దించాలి, ముందే వేసి మరిగిస్తే ఆ వాసన వంటిల్లు తాగుతుంది, మనకి మిగలదు. పుదీనా అయితే పొయ్యి కట్టేశాకే. నిమ్మగడ్డి ఆకు నాలుగు మడతలు పెట్టి ముడి వేసి నీళ్ళలో ఐదు నిమిషాలు మరిగిస్తే చాలు, తియ్యడం కూడా తేలిక. దీంట్లో పాలు పోసినా బాగుంటుంది, పోయకపోయినా బాగుంటుంది. నిమ్మకాయ టీ మాత్రం పాలు లేనిదే. గ్లాసులో పోశాక రసం పిండాలి, వెంటనే రంగు తేలిపోతుంది, కల్తీ అని భయపడకండి, పులుపుకి అలా అవుతుంది. నీలం శంఖపుష్పాలు వేడినీళ్ళలో వేసి నిమ్మరసం పిండితే నీలం ఊదా రంగుకి మారుతుంది. పిల్లలు దానికోసం ఎగబడతారు. రుచి మాత్రం పెద్దగా ఏమీ ఉండదు, చూడ్డానికే.

అనకాపల్లి బెల్లం మన పక్కనే ఉండగా బెల్లం టీ గురించి చెప్పకపోతే తప్పు. పాలు మరుగుతుండగా బెల్లం వేస్తే చాలాసార్లు విరిగిపోతాయి. టీ దించి, ఒక నిమిషం ఆగి, తురిమిన బెల్లం గ్లాసులో వేసి పైన పోసుకోవాలి. మెరిసే పసుపు రంగు దిమ్మ చూసి మోసపోవద్దు, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే మందు కలిపేవాళ్ళు ఉన్నారు. ముదురు రంగుదే టీకి బాగుంటుంది.

చక్కెర లెక్క ఒకటి చెప్పి ముందుకి వెళ్తాను. గ్లాసుకి రెండు చెంచాలు అంటే 10 గ్రాములు. రోజుకి రెండు గ్లాసులైతే 20. నెలకి 600 గ్రాములు, ఏడాదికి 7 కిలోల పైన, అదీ ఒక్క మనిషికి, ఒక్క టీలోనే. మా వాళ్ళలో చాలామంది రెండు చెంచాల నుంచి ఒకటికి వచ్చారు. నేను చెప్పి కాదు. యాలకి, దాల్చిన సరిగ్గా పడితే తీపి ఉన్నట్టే అనిపిస్తుంది, చేదు తగ్గితే చక్కెర అవసరమూ తగ్గుతుంది.

ఇంకోటి కూడా, ఇది నవ్వే మాట కాదు. మనలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఎంతమందో ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడల్లా చూస్తున్నాం. అన్నంతో పాటు గానీ, తిన్న వెంటనే గానీ టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్ర టీతో అసలు మింగకూడదు. కనీసం గంట ఎడం ఉండాలి. గర్భిణులు, బాలింతలు మరీ ముఖ్యంగా. టీ అమ్మబోయే సంఘమే ఈ మాట చెప్పాలి.

కల్తీ గురించి. సంతలో విడిగా అమ్మే పొడి కిలోకి చాలా తక్కువకి వస్తోందని మా సభ్యురాలు తెచ్చింది. తెల్ల కాగితం మీద చిటికెడు చల్లి నీళ్ళు చిలకరించి చూశాం. క్షణంలో ఇటుకరంగు చారలు దిగాయి. మంచి పొడి చల్లటి నీళ్ళకి అలా గబుక్కున రంగు వదలదు. ఇనుప రజను ఉందేమో చూడడానికి అయస్కాంతం తిప్పాలి. ఈ రెండూ ప్రతి బస్తాకీ చెయ్యాలి. అలాగే టీ పొడి పక్కవాసనలు పట్టేస్తుంది. ఇంగువ, కారం ఉన్న అలమరలో పెడితే టీ కూడా అదే చెప్తుంది. బిగుతు మూత ఉన్న డబ్బా, తడి లేని చెంచా, అంతే.

మేం తొమ్మిది వారాలు కలిపి, తాగి, పిక్కలు లెక్కపెట్టి ఆఖరికి తేల్చిన కొలత ఇది: 100 గ్రాముల టీ పొడికి శొంఠి 8 గ్రాములు, యాలకులు 5, దాల్చిన 3, మిరియాలు 2, లవంగం 1. లవంగం మొదట 4 వేశాం, పంటి నొప్పి మందులా ఉందని ఒక్క పిక్క కూడా పడలేదు. పచ్చి అల్లం ప్యాకెట్టుకి పనికిరాదు, తడికి బూజు పడుతుంది, అందుకే శొంఠి. దినుసులు విడివిడిగా ఎండబెట్టి కొద్దికొద్దిగా దంచుకోవాలి. యాలకుల పొడి వాసన త్వరగా పోతుంది. నిమ్మగడ్డి, పుదీనా, తులసి నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే గడ్డి వాసన తప్ప ఏమీ మిగలదు.

ప్యాకెట్టు మీద పేరు గురించి ఒక హెచ్చరిక. తేయాకు మొక్క నుంచి వచ్చినదాన్నే టీ అనాలని, వేరే ఆకులూ పువ్వులతో చేసినవాటికి ఆ పేరు పెట్టి అమ్మకూడదని 2025 డిసెంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. మన మసాలా టీలో తేయాకు ఉంది. ఉత్త నిమ్మగడ్డి, ఉత్త తులసి, తంగేడు పువ్వు ప్యాకెట్ల మీద మాత్రం టీ అని అచ్చు వేయించకండి. నిమ్మగడ్డి పానీయం అందాం, కషాయం అందాం. పేరు తప్పు వేసి రెండు వేల కవర్లు అచ్చు వేయిస్తే ఆ డబ్బు మన పొదుపు డబ్బే. ఏది అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను ముందు, అమ్మకం తరవాత.

అందుకని సభ ముందు నేను పెట్టే మాట ఇది. మిషను అప్పు తీర్మానం మూడు నెలలు ఆపుదాం. ఈ మూడు నెలలకీ ఒక్కో గ్రామ సంఘం తన నిధి నుంచి కొద్దిగా తీసి చేత్తోనే కలిపి, పైన చెప్పినట్టు పేరు దాచి రుచి చూడాలి. మా కొలతే తీసుకోమని చెప్పడం లేదు. మీ ఊరి నీళ్ళు వేరు, మీ పాలు వేరు. తరవాత మూడు సంఘాల టీలూ మండల సమాఖ్య ఆఫీసులో పక్కపక్కన పెట్టి అందరం పిక్కలు వేద్దాం. ఏ టీకి ఎన్ని పడ్డాయో మినిట్స్ పుస్తకంలో రాద్దాం. అప్పుడు మిషను గురించి మాట్లాడదాం. దీనికి ఒప్పుకోనివాళ్ళు ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి, ఊరికే సరే అనొద్దు.

ఆ రోజు వచ్చేటప్పుడు ఎవరి గాజు గ్లాసు వాళ్ళు తెచ్చుకోండి. మల్లెపూలు పెట్టుకుని రాకండి. కనకాంబరాలైతే పర్వాలేదు, వాటికి వాసన ఉండదు.