అన్నము అరుగు దారి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

మేము వైద్యులము కాము. గూడ్సు ఆఫీసులో బిల్లులు వ్రాసుకొను గుమాస్తాలము. కార్యదర్శిగారు పట్టు విడువలేదు గనుక, తెలిసినంతలో మనవి చేయుచున్నాము.

ఉదయము అందరమును పచ్చడి పుచ్చుకొంటిమి గదా! దాని వెనుక పులిహోర, బొబ్బట్లు. అవన్నియు ఎచ్చటికి పోయినవి? పని నోటిలోనే మొదలగును. అన్నపు మెతుకులు కొంతసేపు నమలి చూడుడు, తియ్యనగును. లాలాజలము పిండిని చక్కెరగా మార్చుటయే కారణము. (డ్యూటీకి పరుగెత్తు మాబోటివారు నమలుట ఎన్నడో మానినారు.) కడుపులో రెండు మూడు గంటలు ఆమ్లముతో నలిగి ఆహారము జావ యగును.

అసలు జంక్షను చిన్న ప్రేగు. ఇరువది అడుగుల పొడవు. క్లోమరసము, పైత్యరసము ఇచ్చట వచ్చి కలియును. లోపలిగోడ మఖమలువలె నూగుతో నుండి సారమును రక్తములోనికి పీల్చును. మనము రోజుకు రెండు లీటర్లు త్రాగినచో, శరీరమే మరి ఏడు లీటర్ల రసములను ఈ గొట్టములోనికి వదలును. అందు దాదాపు అంతయు తిరిగి లోనికి రావలయును.

విరేచనములు పట్టినపుడు ఈ లెక్క తప్పును. మా రెండవ అమ్మాయికి ఏడాది వయసున ఇట్లే అయినది. "నీళ్లిస్తే ఇంకా అవుతాయి నాయనా" అని మా అత్తగారు వారించిరి. మేమును ఊరకుంటిమి. ఆసుపత్రికి చేరునప్పటికి బిడ్డ కన్నులు లోతుకు పోయినవి. ఏడ్చినను కన్నీరు లేదు. ఎట్లో బ్రతికినది.

చిన్న ప్రేగు గోడలో ఉప్పును, గ్లూకోజును జతగా లోనికి తీసుకొను ద్వారములున్నవి. వాని వెంట నీరు పోవును. కలరాలోను ఈ ద్వారము మూతపడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న బనగావ్ శిబిరములో సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి త్రాగించిరి. నూటికి ముప్పదిదాకా నున్న మరణములు నాలుగుకు లోపుగా దిగినవి.

మందుషాపు పొట్లము దొరకనిచో, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపుడు. ఉప్పు హెచ్చరాదు. గుక్క గుక్కగా పట్టుడు, తల్లిపాలు మానరాదు. బిడ్డ మగతగా పడియున్నను, రక్తము కనబడినను వెంటనే డాక్టరు వద్దకు పోవలయును.

పొట్లములు కొన్ని సంఘము బీరువాలో నుంచితిమి. తాళపుచెవి కార్యదర్శిగారి ఇంట నుండును. అర్ధరాత్రియైనను తలుపు తట్టవచ్చునని వారు సెలవిచ్చిరి.