గంటివారిది ఏ ఊరు?

(అమలాపురంలో చేసిన స్మారకోపన్యాసం)



మాకు చదువు చెప్పిన మాస్టారి పేరు మీద ఏటా జరిగే ఉపన్యాసమిది. ఆయన పాండిత్యం గురించి, క్రమశిక్షణ గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పాల్సినవన్నీ చెప్పారు. అవి మళ్ళీ చెప్పను. నాకు గుర్తున్న మాస్టారు బొండాం కొట్టించి నీళ్ళు నాకిచ్చి, లోపలి మీగడ తాను గీక్కుని తినే మనిషి. హాజరు వేసేటప్పుడు పిల్లల్ని పేరుతో కాక ఇంటిపేరుతో పిలిచేవారు. క్లాసులో గుత్తుల వారి పిల్లలు ముగ్గురుంటే ముగ్గురూ ఒకేసారి లేచేవారు. ఒకడు రాకపోయినా మూడు టిక్కులు పడేవి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకటి కాదని నాకు మొదట అనుమానం వచ్చింది ఆ రిజిస్టరు దగ్గరే. ఆయనకు నేను చెల్లించగల నివాళి ఇంతే. ఇక నా గొడవలోకి వస్తాను.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం కోనసీమ ఇంటిపేర్ల వైభవం. వైభవం సంగతి నాకు తెలియదు. ఇంటిపేర్లు ఊళ్ళ నుంచి, వృత్తుల నుంచి, కొలువుల నుంచి, ఎగతాళి పేర్ల నుంచి వచ్చాయని మీకందరికీ తెలుసు. పాలగుమ్మి, వక్కలంక, ముక్కామల, నేదునూరి అనగానే ఆ పేరున్న ఊళ్ళు ఇక్కడే మన కళ్ళముందు ఉన్నాయి. పైడిపాటి వారి పూర్వుడికి ఏనుగు బహుమానంగా వస్తే వారు ఏనుగు వారయ్యారు, ఆ వంశంలోనే లక్ష్మణకవి పుట్టాడు. ఇలాంటివి సభల్లో చెబితే చప్పట్లు పడతాయి. ఊళ్ళ పేర్ల మీద పద్ధతిగా పనిచేసిన కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లాకు, యార్లగడ్డ బాలగంగాధరరావు గారు నెల్లూరు జిల్లాకు దారి వేశారు. మన కోనసీమకు, నేనెరిగినంతలో, అంత పని ఇంకా జరగలేదు. జరగకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు, భయం కూడా. 2022 మే నెలలో జిల్లా పేరు కోసం ఇదే అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. పేర్ల చదువు పనికిమాలిన చదువని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

నేను ఒక్క ఇంటిపేరే తీసుకుంటాను. గంటి.

ఈ ఇంటిపేరు మోసిన వాళ్ళలో మీకు తెలిసిన పెద్దలు ఇద్దరు. ఒకరు గంటి జోగి సోమయాజి గారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆచార్యులు, ‘ఆంధ్ర భాషా వికాసము’ రాసిన భాషాశాస్త్రవేత్త. రెండవవారు గంటి మోహనచంద్ర బాలయోగి గారు. 1951లో ఎదుర్లంకలో పుట్టి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు దళితులు, ఇంటిపేరు ఒకటే. కొత్తపేట మండలంలో గంటి అనే ఊరుంది. పి.గన్నవరం మండలంలో గంటి పెదపూడి ఉంది. (మన సీమలో ఊళ్ళకు కూడా ఇనీషియళ్ళుంటాయి: పి.గన్నవరం, ఐ.పోలవరం, జి.పెదపూడి. ఊరికే ఇంటిపేరున్న చోట మనిషికి ఉండదా?)

ఇప్పుడు తగువెక్కడో వినండి. ఇంటిపేర్ల మీద మాట్లాడేవాళ్ళు, కులసంఘాల సావనీర్లకు వ్యాసాలు రాసేవాళ్ళు, నేనెరిగినంతలో ఒకే పాట పాడతారు. సోమయాజి గారి గంటి ఎక్కడిదంటే ఆలోచించకుండా ‘గంటి గ్రామం నుంచి’ అంటారు. దళితపేటలో ఉండే గంటి వారి పేరు ఎక్కడిదంటే మాత్రం అప్పటిదాకా ఎదురుగా ఉన్న ఊరు మాయమైపోతుంది. గంటు అంటే గాటు కదా, ఎవరికో మొహం మీద గాటు ఉండి ఉంటుందంటారు. ఉత్తరాంధ్రలో సజ్జల్ని గంటెలంటారు కదా, గంటి అంబలి తాగేవాళ్ళు కాబోలునంటారు. అదీ కుదరకపోతే కామందు ఇంటిపేరు పాలేరుకు అంటిందంటారు. ఒకరి గంటికి అగ్రహారం, ఇంకొకరి గంటికి అంబలి! అక్షరాలు అవే, పక్క ఊరూ అదే. వ్యుత్పత్తి మాత్రం కులాన్ని చూసి మారుతోంది. దీన్ని నేను నిరుక్తమనను.

ఒక్కొక్కటి చూద్దాం.

ముందు వ్యాకరణం. తెలుగులో ఊరి పేరు ఇంటిపేరుగా మారేటప్పుడు చాలాసార్లు చివర మారుతుంది. నేదునూరు నేదునూరి అవుతుంది, ఏలూరు ఏలూరి అవుతుంది. వ్యాకరణం చదివినవాళ్ళు దీన్ని ఔపవిభక్తికమంటారు. ఆ మార్పు కనిపిస్తే అది ఊరి పేరని గట్టిగా చెప్పవచ్చు. గంటి దగ్గర ఆ సాక్ష్యం దొరకదు. ఊరి పేరే ఇకారాంతం, మారడానికి ఏమీ లేదు. కాబట్టి రూపాన్ని పట్టుకుని సోమయాజి గారి గంటి ఊరనీ, బాలయోగి గారి గంటి గాటనీ తేల్చడం ఎవరి తరమూ కాదు. తేల్చామంటున్నవాళ్ళు పదాన్ని కాదు, మనిషిని చూసి తేలుస్తున్నారు.

ఇంకొందరు గంటి అనేది పెద్ద ఇంటిపేరుకు తోక అంటారు. కొడవటిగంటి, ఇంద్రగంటి, మునుగంటి ఉన్నాయి కనుక వాటిలో ఏదో తెగి గంటి మిగిలిందట. కొడవటిగంటి వారిని ‘గంటి వారూ’ అని ఎవరైనా పిలవగా మీరు విన్నారా? నేను వినలేదు. పైగా ఆ పేర్లలోని గంటి కూడా ఊళ్ళ పేర్ల చివర ఉండే ‘కల్లు’ మారి వచ్చిందే. అది నా వాదానికే బలం.

ఇక కామందు వాదం. దీనికి సభల్లో బాగా గిరాకీ. ఉదారంగా వినిపిస్తుంది కూడా, ‘పాపం, పేరు లేనివాళ్ళకు పేరిచ్చారు’ అన్నట్టు. ఇంటిపేరు దేనికి అక్కరకొస్తుందో ఆలోచిస్తే ఈ వాదం కూలిపోతుంది. ఇంటిపేరు కామందు కోసం పుట్టలేదు, పెళ్ళి కోసం పుట్టింది. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నదమ్ముల వరస, వాళ్ళ మధ్య సంబంధం కుదరదు. గోత్రాలు చెప్పుకునే ఆచారం లేని కులాల్లో ఈ కట్టుబాటును మోసింది ఇంటిపేరొక్కటే. పేటలో ముసలమ్మను అడగండి, ఎవరి పిల్లను ఎవరికివ్వచ్చో ఇంటిపేర్లతోనే చెబుతుంది. ఒక కామందు దగ్గర పది కుటుంబాలు పాలేరుతనం చేస్తున్నాయనుకోండి. పదింటికీ కామందు ఇంటిపేరే అంటితే ఆ పదిళ్ళ పిల్లలకూ ఒకరితో ఒకరికి పెళ్ళి ఆగిపోతుంది. ఏ పేట అయినా అంత నష్టాన్ని చేతులారా నెత్తిన పెట్టుకుంటుందా? ‘ఫలానా వారి పాలేరు’ అని గట్టు మీద పిలవడం వేరు, ఇంటిపేరు వేరు. మొదటిది కొలువు మారితే పోతుంది. రెండవది పోదు.

దస్తావేజుల్లో పేట ఇంటిపేర్లు పాతకాలం నుంచి కనిపించవు కదా అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. కనిపించవు. 1858లో ఇనాం కమిషను వచ్చింది. ఇనాం రిజిస్టర్లు ఇనాందార్ల కోసం రాసుకున్నవి. సెటిల్మెంటు రిజిస్టరు పట్టాదారు కోసం రాసింది. భూమి లేనివాడికి అందులో గడే లేదు. గడి లేకపోతే పేరు లేదనుకోవడం గుమస్తా చూపు. ఇంకా వెనక్కి వెళితే ద్రాక్షారామ శాసనాలున్నాయి, దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. భీమేశ్వరుడికి అఖండదీపం పెట్టిన వాళ్ళలో ఎందరినో తండ్రి పేరుతో, ఊరితో, కొలువుతో గుర్తించారు. ఇవాళ మనమనుకునే ఇంటిపేరు అక్కడ పెద్దపెద్ద వాళ్ళకే అరుదు. అంటే కాగితం లేకపోవడాన్ని ఆ రోజుల్లో అన్ని కులాలూ పంచుకున్నాయి. పేట వాళ్ళ వంతుకు వచ్చేసరికి మాత్రమే అది లోపమైంది.

మరి నేను చెప్పేదేమిటి? గంటిలో ఉన్నవాణ్ణి ఎవరూ గంటి వాడని పిలవరు, ఊరంతా గంటి వాళ్ళే కదా. ఊరు దాటి ఇంకో ఊళ్ళో కాపురం పెట్టినప్పుడు ‘ఆ గంటి నుంచి వచ్చినవాళ్ళు’ అంటారు. అంటే ఊరి ఇంటిపేరు ఆ ఊరు విడిచినవాడికి పొరుగువాళ్ళు పెట్టే పేరు. విడిచేది బ్రాహ్మణుడైతే ఒక రకంగా, పాలేరైతే ఇంకో రకంగా పొరుగు నోరు తిరగదు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కులాల వాళ్ళు కదిలారు. అందరికీ గంటి పేరే వచ్చింది. వీళ్ళు ఒక రక్తమని నేననడం లేదు. వీళ్ళది ఒకే ప్రయాణమని కూడా అనను. ఒకే నియమమని అంటున్నాను.

ఈ నియమం పని చేసిన చోటు మన కళ్ళ ముందే ఇంకొకటుంది. కాకినాడ పక్కన కోరంగి. ఆ రేవులో ఓడెక్కి మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలన్నారు. బర్మాలో కూడా అదే మాట. వాళ్ళలో కోరంగిలో పుట్టినవాళ్ళెందరు? ఓడెక్కిన రేవు పేరే వాళ్ళ పేరయింది. పేరు పెట్టేది మనం కాదు, మనల్ని దించుకున్నవాళ్ళు.

ఒకే ఇంటిపేరంటే ఒకే రక్తం కాదనడానికి ఐర్లండు సంగతి కూడా ఒక మాట. అక్కడి ఇంటిపేరుకు ముందు ఉండే ‘ఓ’, ‘మాక్’ అనేవి ఫలానావాడి మనవడు, ఫలానావాడి కొడుకు అని చెబుతాయి. వాళ్ళది వంశం పేరు, మనది వలస పేరు. అయినా 1890 జననాల లెక్కల మీద రాబర్ట్ మాథెసన్ తీసిన జాబితాలో మొదటి స్థానంలో నిలిచిన మర్ఫీ అనే ఇంటిపేరు ఒకే వంశానిది కాదు. వెక్స్‌ఫోర్డులో, కార్కులో, ఇంకా ఇతరచోట్ల విడివిడిగా పుట్టింది. సముద్రయోధుడని అర్థమొచ్చే ఒక మనిషి పేరు నుంచి వచ్చిందంటారు. మర్ఫీలంతా అన్నదమ్ములని అక్కడ చదువుకున్నవాడెవడూ అనడు. మన రాజోలు వైపు కడలి వారు కొల్లలు. రాజోలు మండలంలో కడలి అనే ఊరుంది. ఈ పేరుకు సముద్రయోధుణ్ణి కల్పించే సావనీరు వ్యాసం ఏదో ఒకనాడు రాకపోదు. ఊరిని చూడకుండా సముద్రాన్ని చూడడం మనకు సరదా.

ఇక గంటి ఇంటిపేరు ఇప్పుడు ఎక్కడెక్కడ ఎంత ఉందన్న మాట. లెక్క తీయడం కష్టం. కారణం ఇనీషియలు. దేశానికి బాలయోగి గారు జి.ఎం.సి. బాలయోగి. ఆ ‘జి’ వెనక గంటి ఉందని అమలాపురం నియోజకవర్గం బయట ఎందరికి తెలుసు? ఎదుర్లంక, యానాం మధ్య వారధికి ఆయన పేరే పెట్టారు. దాన్ని రోజూ దాటేవాళ్ళకూ జి అంటే జి. మన సీమలో జి అంటే గంటి కావచ్చు, గుత్తుల కావచ్చు, గెడ్డం కావచ్చు, గుబ్బల కావచ్చు. ఆయన కుమారుడు 2024లో అదే స్థానం నుంచి లోక్‌సభకు వెళ్ళినప్పుడు గంటి అనే మాట పత్రికల్లో పూర్తిగా అచ్చయింది. అమెరికా వెళ్ళిన పిల్లల వల్ల ఇంకో మేలు జరిగింది. అక్కడి ఫారంలో ఇంటిపేరు ముడుచుకుని కూర్చోవడానికి వీల్లేదు, చివర గడిలో మొత్తం రాయాల్సిందే. ముందుండాల్సింది వెనక్కి పోయింది గానీ, పూర్తిగా బయటపడింది. తరతరాలుగా ఒక్క అక్షరంగా బతికిన ఇంటిపేర్లు విమానమెక్కాక ఒళ్ళు విరుచుకున్నాయి.

ఆ లెక్క తీయడానికి నేనిప్పుడు చేస్తున్న పని గురించి రెండు మాటలు. అధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నారు. నాకు తెలుసు. అమలాపురం లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి: రామచంద్రపురం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, కొత్తపేట, మండపేట. వీటి ఓటర్ల జాబితాల్లోంచి ఊరివారీగా ఇంటిపేర్లు ఎత్తి రాస్తున్నాను. ఊరి పేరు ఇంటిపేరైన వాటన్నిటికీ ఒక పటం గీస్తున్నాను. నా వాదం నిజమైతే గంటి అనే ఇంటిపేరు గంటి ఊళ్ళో పలచగా, చుట్టుపక్కల చిక్కగా పడాలి. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల వెంట, లంకల వెంట జనం కదిలిన దారి కూడా ఆ పటంలో బయటపడుతుందని నా ఆశ. అబద్ధమైతే అది కూడా పటమే చెబుతుంది. అప్పుడు సావనీర్ల వాళ్ళు నా మీద వ్యాసం రాసుకోవచ్చు.

ఓటర్ల జాబితా ఇవాళ్టి మాట చెబుతుంది, నూరేళ్ళ కిందటి మాట చెప్పదు. దానికి మీరు కావాలి. రెవెన్యూ కాగితంలో చోటు దొరకని పేటల పేర్లు చర్చి బాప్తిస్మపు పుస్తకాల్లో దొరుకుతాయని నా నమ్మకం. గోదావరి డెల్టా మిషను 1830ల నుంచి నరసాపురంలో, తర్వాత ఈవల గట్టున పనిచేసింది. ముందుపేరు మార్చుకుని ఏసుదాసైనవాడు కూడా ఇంటిపేరు మార్చుకోలేదు, పెళ్ళిళ్ళు చెయ్యాలి కదా. సంఘ పెద్దలెవరైనా ఆ పుస్తకాలు చూడనిస్తే అక్కడే కూర్చుని రాసుకుంటాను, బయటకు తీసుకెళ్ళను. ఇళ్ళలో ఉన్నవాళ్ళు పాత దస్తావేజులు, తనఖా కాగితాలు, పొలం పన్ను రశీదులు, పెళ్ళి శుభలేఖలు తెచ్చినా మేలే. ఫొటో తీసుకుని మీ ఎదురుగానే తిరిగిచ్చేస్తాను. ఏ కులమని అడగను, మీరు చెప్పనక్కర్లేదు. మీ తాతగారు ఏ ఊరి నుంచి ఏ ఊరు వచ్చారో చెబితే చాలు. 96 తుపానులో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయిన కాగితాలైనా పనికొస్తాయి. వాటిని విడదీసే ప్రయత్నం మాత్రం మీరు చెయ్యకండి, కట్ట కట్టగానే తీసుకురండి.