మొదటి పేజీలో నీళ్ల లెక్క



ఇరవై ఏళ్ల కిందట నేను ఊరూరా తిరిగి, జీవ ఇంధనం కోసం అడవి ఆముదం వేయమని రైతులకు చెప్పాను. బీడు భూమిలో, నీళ్లు పెట్టకపోయినా విరగకాస్తుందని పైవాళ్లు అంటే నమ్మాను. మూడో ఏడు ఒక రైతు నా అరచేతిలో గుప్పెడు గింజలు పోసి, "చెట్టుకి ఇవే సారూ" అన్నాడు. ఆ ఆకు పశువు ముట్టదు. ఆ గింజ విషం. 2017 నాటికి పెట్రోలు, డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలని 2009లో రాసుకున్న విధానం నెరవేరలేదు. లక్ష్యం తప్పితే మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ రైతుకు పోయిన మూడేళ్లు ఎవరిస్తారు?

అదే రోజుల్లో ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడలో గోండు ఆడవాళ్లు కానుగ గింజలు ఏరి, గూడెంలోనే మిల్లులో ఆడించి నూనె తీశారు. కానుగ వాళ్లకు పరాయి చెట్టు కాదు. దాని పుల్లతో పళ్లు తోముకుంటారు, నూనె తీయగా మిగిలిన చెక్క చేనికి ఎరువవుతుంది. ఆ నూనె డీజిల్‌కు బదులు వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. డబ్బు చిన్నదే. కానీ గింజ ఏరిందీ, మిల్లు నడిపిందీ, లెక్క చూసుకున్నదీ మహిళా సంఘాలే.

ఇప్పుడు ఇథనాల్ వంతు. పెట్రోలులో దాన్ని 20 శాతం కలపాలన్న గడువును 2030 నుంచి 2025–26కు ముందుకు జరుపుకున్నాం. చమురు దిగుమతి తగ్గాలనే నేనూ కోరుకుంటాను. అయితే చెరకుతో లీటరు ఇథనాల్ తీయాలంటే, పొలానికి పెట్టే తడులతో కలిపి, సుమారు 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. మొక్కజొన్న ఇథనాల్‌కు మళ్లితే కోళ్ల రైతుకు దాణా ప్రియమవుతుంది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రోడ్డెక్కితే పనులు ఆగాయి. దయచేసి అలాంటివాళ్లను అభివృద్ధికి అడ్డమనకండి. బోరు ఎండిపోతే మొదట తెలిసేది వాళ్లకే.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు ఇలాంటి ఫ్యాక్టరీలకు నివేదికలు రాస్తారు. నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, గింజ ఎవరి నోటి దగ్గరిది అన్నది చివరి అనుబంధంలో దాచకండి, మొదటి పేజీలోనే పెట్టండి. ప్రజాభిప్రాయ సేకరణ నిబంధనల్లో ఉన్నా లేకున్నా, ఆ పేజీ తెలుగులో రాసి, గ్రామసభలో మీరే నిలబడి చదివి వినిపించండి.